తొమ్మిది రోజుల తీసివేత

సెప్టెంబరు 28

తమ్ముడూ,

అక్కని రాస్తున్నాను. నువ్వు బాగున్నావా అని అడగను, నేను బాగున్నానని రాయను. ఆ రెండు ముక్కలూ మానేస్తే అసలు సంగతికి కాగితం మిగులుతుంది.

మొన్న మీ రికార్డు ఆఫీసు నుంచి కవరు వచ్చింది. పోస్టుమాను నాచేత సంతకం పెట్టించుకున్నంతసేపూ తన చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. నా కొడుకు పోయినప్పటి నుంచీ నాతో మాట్లాడేవాళ్ళందరూ చెప్పులే చూసుకుంటున్నారు.

కవరులో ఒకటే కాగితం. పైన నీ మేనల్లుడు సైన్యంలో చేరిన తేదీ, ఆఖరి తేదీ. కింద "మొత్తం సర్వీసు 4 సంవత్సరాల 11 నెలల 27 రోజులు" అని ఉంది. ఇంకా కింద "సేవ: అసంపూర్ణం" అని ఉంది. ఆ ఆఖరి మాట నాకు ఒక పట్టాన చదవడం రాలేదు. కూడబలుక్కుని చదివాక, రాకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

నాకు లెక్కలు రావని నీకు తెలుసు. మూడో తరగతిలో నన్ను మాన్పించి నిన్ను బడికి పంపారు. అయినా ముప్పై ఏళ్ళ నుంచి కొలతలు తీసుకుని బట్ట కోస్తున్నాను. అంగుళం తప్పితే చొక్కా మనిషికి పట్టదు. అందుకని కాగితం పక్కన పెట్టి గుండీల సీసా బోర్లించాను. కోటు గుండీ సంవత్సరానికి, చొక్కా గుండీ నెలకి, చిన్నపిల్లల గౌను గుండీ రోజుకి. వాడు చేరింది ఆగస్టు ఒకటి. జులై ఇరవై రెండునే రమ్మన్నారు కదా, నువ్వే పది రోజులు ఆపించి, "ఒకటో తారీఖు అయితే లెక్క శుభ్రంగా ఉంటుందక్కా" అన్నావు. పోయింది ఆగస్టు ఆరు. నాకు ఐదు కోటు గుండీలు, ఆరు చిన్న గుండీలు వచ్చాయి. మీ కాగితానికి నాలుగు కోటు గుండీలు, పదకొండు చొక్కా గుండీలు, ఇరవై ఏడు చిన్నవి. గుండీలు మీవే ఎక్కువ, రోజులు మీవే తక్కువ. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూశాను. తొమ్మిది రోజుల తేడా.

ఐదేళ్ళు నిండితే "సంపూర్ణం" అని రాస్తారని నువ్వే చెప్పావు. డబ్బు సంగతి కాదురా. వాడు ఏ పనీ సగంలో వదిలేవాడు కాదు. ఏడేళ్ళప్పుడు రుమాలు అంచు కుట్టడానికి కూర్చుని, వేలు పొడుచుకుని, ఏడుస్తూనే నాలుగో మూల దాకా కుట్టాడు. అలాంటివాడి కాగితం మీద ఆ మాట ఉండకూడదు. నువ్వు కూర్చునే ఆఫీసులోనే ఈ లెక్కలు వేస్తారు. ఎవరో తొందరలో తప్పేసి ఉంటారు. చూసి సరి చేయించు.

గుండీలు మళ్ళీ సీసాలో పోస్తుంటే, వాడు రెండేళ్ళప్పుడు ఒకటి మింగితే నువ్వు గుండీగాడని పేరు పెట్టడం గుర్తొచ్చింది. అది బయటికొచ్చేదాకా రెండు రోజులు నువ్వు అన్నం తినలేదు.

అక్క


అక్టోబరు 9

అక్కయ్యకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు గుండీలతో వేసిన లెక్క చదివి కాసేపు కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నాను.

మా పద్ధతి బయటివాళ్ళకి చిత్రంగా ఉంటుందక్కా. మాకు ప్రతి నెలా ముప్పై రోజులే. ముప్పై ఒకటో తేదీ అనేది మా లెక్కలో లేదు, దాన్నీ ముప్పై అనే అనుకుంటాం. ఫిబ్రవరి కూడా ముప్పై రోజులే. ఆఖరి తేదీ లోంచి మొదటి తేదీ తీసేసి, చేరిన రోజు కూడా పని చేసిన రోజే కాబట్టి ఒకటి కలుపుతాం. ఇలా చేసేసరికి ఇంట్లో క్యాలెండరుకీ మా కాగితానికీ కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అసంపూర్ణం అన్నది కూడా ఒక గడిలో నింపాల్సిన మాట, అంతే. దానికి అర్థం వెతుక్కోకు.

నీ మరదలు నిన్ను కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి ఉండమంటోంది. మెట్లెక్కలేనంటావని కింది గది సర్దించింది. నా మోకాలు మునుపటిలాగే ఉంది, ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు తిడుతుంది. పాత కాగితాలు ముందేసుకుని కూర్చోవద్దు. ఆ కవరు పెట్టెలో పెట్టెయ్యి.

నీ తమ్ముడు


అక్టోబరు 21

తమ్ముడూ,

పెట్టెలో పెట్టలేదు.

నువ్వు చెప్పినట్టే వేశాను. నెలకి ముప్పై. ముప్పై ఒకటి లేదనుకున్నాను. చేరిన రోజు కలిపాను. పక్క వాటాలో బడిపంతులమ్మని కూడా కూర్చోబెట్టి వేయించాను. ఆవిడ పెన్సిలుతో వేసింది, నేను గుండీలతో వేశాను. ఇద్దరికీ ఐదేళ్ళ ఆరు రోజులే వచ్చింది. "మీ తమ్ముడుగారికి పని ఒత్తిడి ఎక్కువేమోనండీ" అందావిడ, మర్యాదగా. నాకు సిగ్గేసింది.

నువ్వు నాకు అబద్ధం చెప్పావు. చిన్నప్పుడు అబద్ధం చెప్పాలంటే ముందు పొడుగ్గా వివరం చెప్పేవాడివి. ఇప్పుడూ అంతే.

ఇంకోటి. ఆ కాగితం మీద ఏడు అంకె నీది. నీ ఏడూ ఒకటీ ఒక్కలాగే ఉన్నాయని మాస్టారు మొట్టికాయలు వేస్తే, ఆ రోజు నుంచి ఏడుకి నడుం మీద అడ్డగీత పెడుతున్నావు. ఇరవై ఏడులో ఆ గీత ఉంది. దాని కింద "అసంపూర్ణం" అన్నదీ నీ రాతే. వేరే ఎవరో తప్పేశారనుకుని నీకు మొరపెట్టుకున్నాను చూడు, అందుకు ఒళ్ళు మండుతోంది. నీ చేత్తో ఎలా రాశావురా?

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. జులై ముప్పై ఒకటితో వాడి ఐదేళ్ళూ అయిపోయాయి. ఒకటో తారీఖు సాయంత్రానికి ఇంట్లో ఉంటానన్నాడు. నేను గదికి సున్నం వేయించాను, పరుపు ఎండలో వేశాను. తీరా ఉత్తరం వచ్చింది, "ఓ వారం పది రోజులు ఆలస్యమవుతుందమ్మా, ఏదో కాగితాల పని, నువ్వేం కంగారు పడకు" అని. నేనేం కంగారు పడలేదు. వారంలో ఏముందిలే అనుకుని, కుట్టాల్సిన బట్టలు కుడుతూ కూర్చున్నాను. ఆరో తారీఖున వాడెక్కిన ఆ సరుకుల లారీ తిరగబడింది.

కాగితాల పని అంటే మీ ఆఫీసే కదా. ఏ కాగితం ఆగింది? ఎవరి బల్ల మీద ఆగింది? నీ బల్ల మీదేనా? దానికే నువ్వు మొహం చాటేస్తున్నావా? పదకొండో రోజున వెళ్ళినవాడివి మళ్ళీ ఇటు రాలేదు.

నిజం రాయి. అబద్ధాలు చదివే ఓపిక నాకు లేదు. అసలే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి.

అక్క


నవంబరు 3

అక్కా,

నా బల్ల మీద ఏ కాగితమూ ఒక్క పూట ఆగలేదు. నువ్వు ఆ మాట అన్నాక ఇంక దాచి లాభం లేదు. గుండె రాయి చేసుకుని చదువు. పంతులమ్మగారి చేత చదివించకు, నువ్వే చదువుకో.

పోయిన సంవత్సరం జనవరిలో వాడు సెలవు మీద వచ్చాడు గుర్తుందా? నీ వేలికి మిషను సూది దిగినప్పుడు. ఆ సెలవు పదకొండుతో అయిపోయింది. పన్నెండు పొద్దున పటాలంలో ఉండాలి. ఇంకా తొమ్మిది రోజులు కావాలని అర్జీ పెట్టుకున్నాడు, వీలుపడదని జవాబు వచ్చింది. అయినా వెళ్ళలేదు. ఇరవై ఒకటిన వెళ్ళి హాజరయ్యాడు. పన్నెండు నుంచి ఇరవై దాకా, రెండు కొసలూ కలిపి తొమ్మిది రోజులు. అనుమతి లేని గైరుహాజరు. వాటిని మేము "పోయిన దినాలు" అంటాం. సర్వీసు లోంచి తీసేస్తాం. అంతే కాదు, ఎన్ని పోతే అన్ని రోజులు చివర్లో అదనంగా పని చేసి పూడ్చాలి.

అందుకే జులై ముప్పై ఒకటిన వదల్లేదు. ఆగస్టు తొమ్మిది దాకా ఉండాలి. వాడు పూడ్చుకుంటున్న తొమ్మిది రోజుల్లో ఆరోది అది. మూడు రోజులు మిగిలిపోయాయి. అందుకే ఇరవై ఏడు.

ఇది నీకు చెప్పే నోరు నాకు లేక ముప్పై రోజుల నెల కథ చెప్పాను. ఫైలు నా బల్ల మీదకి వచ్చినప్పుడు మా పెద్ద గుమాస్తా, "ఇది పక్క సీటుకి పంపిస్తానయ్యా, నువ్వు చూడొద్దు" అన్నాడు. వద్దన్నాను. పక్క సీటువాడు టీ తాగుతూ కూడికలు వేస్తాడు. గుండీగాడి లెక్క అలా వెయ్యకూడదు. తలుపు వేసుకుని మూడుసార్లు వేశాను. మూడుసార్లూ అదే వచ్చింది.

నిజం చెప్పనా అక్కా, నాకు వాడి మీద కోపంగా ఉంది. సెలవు పొడిగించారని నీతో అబద్ధం చెప్పి దర్జాగా కూర్చుని ఉంటాడు. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో ఏం వెలగబెట్టాడో గానీ, అవే వాడి ప్రాణం తీశాయి. పోయినవాణ్ణి తిట్టకూడదంటారు. నేను తిడుతున్నాను, ఆఫీసుకి నడిచి వెళ్ళేదారిలో, రోజూ.

నీ తమ్ముడు


నవంబరు 12

తమ్ముడూ,

వాణ్ణి తిట్టకు.

ఈ ముక్క రాసి నాలుగు రోజులైంది. మిగతాది రావడం లేదు. ఇవాళ మిషను మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను, ఎలా వస్తే అలా రాసేస్తాను.

వాడు నాకు అబద్ధం చెప్పలేదురా. నేను వాడికి చెప్పాను.

సూది దిగింది నిజమే. జ్వరం వచ్చింది నిజమే. వాడు వచ్చేసరికి వేలు ఇంత లావు ఉంది. చూసి హడలిపోయి అర్జీ పంపాడు. జవాబు పదో తారీఖున వచ్చింది. అప్పటికి వాపు తీసింది, నొప్పి పోయింది. వాడు ఇంట్లో లేడు, మిషను కీచుమంటోందని నూనె కొనుక్కురావడానికి బజారుకి వెళ్ళాడు. కవరు నేనే విప్పాను. "వీలుపడదు" అన్న ఒక్క మాట చదివాను, ఇంక చదవలేదు. కాగితాన్ని నలిపి ఉండలా చేసి, మిషను సొరుగులో అడుగున పరిచిన పేపరు కిందికి తోసేశాను. ఎందుకు తోశానో చెప్పమంటే చెప్పలేను. వాడు పొయ్యి దగ్గర ఈల వేస్తూ గిన్నెలు కడుగుతుంటే బాగుండేది. అంతే. అంతకంటే పెద్ద కారణం లేదు.

వచ్చాడు. "పోస్టుమాను కనిపించాడమ్మా, ఏదో ఇచ్చానన్నాడు. ఏమన్నారు?" అన్నాడు.

"ఉండమన్నారు" అన్నాను.

"కాగితమేదీ?"

"తడి చేత్తో పట్టుకున్నాను, చిరిగిపోయింది. పారేశాను."

"అంత మంచివాళ్ళెప్పుడయ్యారమ్మా మావాళ్ళు!" అని నవ్వాడు. ఆ సాయంత్రం నేల మీద చాప వేసుకుని, మిషను ఊడదీసి ప్రతి కీలుకీ నూనె పోసి మళ్ళీ బిగించాడు.

ఆ తర్వాత నేను కట్టు విప్పలేదు. వేలు మానిపోయింది, అయినా రోజూ పొద్దున్నే వాడు లేవకముందే కొత్త గుడ్డ చుట్టుకునేదాన్ని. నీళ్ళు వాడే మోశాడు, వంట వాడే చేశాడు, కుట్టిన బట్టలు ఇళ్ళకి వాడే ఇచ్చొచ్చాడు. ఇరవయ్యో తారీఖున మూట కట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఇక ఆ కట్టు తీసెయ్యమ్మా, గాలి తగలాలి" అన్నాడు. సరేలే వెళ్ళిరా అన్నాను.

అక్కడ ఏం శిక్ష వేశారో నాకు చెప్పలేదు. నాలుగు రోజులు ఆలస్యమైతే నాలుగు మాటలంటారు, అంతేగా అనుకున్నాను. ఆ రోజుల్ని ఇలా చివర్లో తిరిగి అడుగుతారని నాకేం తెలుసు? నేను బట్ట కోసేదాన్ని. కోసింది మళ్ళీ అతకదని మాత్రం తెలుసు.

ఆ తొమ్మిది రోజులు నేను కోశాను. వాడు కాదు. మీ కాగితంలో అలా రాయి. తల్లి కాగితం దాచింది, కొడుక్కి తెలియదు, వాడు నిర్దోషి అని రాయి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. పోలీసులకి చెప్పాలంటే చెప్తాను. ఆ దాచిన కాగితం సొరుగులోనే ఉంది. ఆ రోజు నుంచీ అడుగు పేపరు ఎత్తి చూడలేదు. కావాలంటే పంపుతాను.

నీ బల్ల మీద ఆగిందేమో అన్నాను. ఆ మాట నా సొరుగుకి చెందింది. నన్ను ఇంక అక్కా అని రాయకపోయినా ఏమీ అనుకోను.


నవంబరు 24

అక్కా,

అక్కా అనే రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసుకి వెళ్ళలేదు. నీ మరదలు ఏమైందని అడిగితే మోకాలన్నాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో మోకాలికి అది మొదటి సెలవు.

ముందు పని సంగతి. సిపాయికి తెలియకుండా, అతని తప్పు లేకుండా జరిగిన గైరుహాజరుని "మన్నించదగినది" అని మార్చడానికి నిబంధన ఉంది. నువ్వు చెప్పిందంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఆ దాచిన జవాబు దానికి జతచేసి పంపు. తొమ్మిది రోజులూ సర్వీసులో కలుస్తాయి. ఐదేళ్ళ ఆరు రోజులు. నీ గుండీల లెక్క నెగ్గుతుంది. "సంపూర్ణం" అని నేనే రాస్తాను.

ఒక చిక్కుంది. ఫైలు మళ్ళీ తెప్పించి చూశాను. తిరిగి వెళ్ళినప్పుడు వాణ్ణి విచారించి రాయించుకున్న వాంగ్మూలం అందులో ఉంది. మూడే మూడు వాక్యాలు. ఉన్నది ఉన్నట్టు దింపుతున్నాను:

"సెలవు ఇవ్వలేదన్న కాగితం అందింది, చదివాను. ఇంట్లో ఎవరూ నన్ను ఆపలేదు. ఉండాలనిపించి ఉన్నాను."

కింద సంతకం. నిన్ను ఈ గొడవలోకి లాగకూడదని అలా రాశాడు, అది తెలుస్తూనే ఉంది. నీ కాగితం వస్తే ఇది అబద్ధపు వాంగ్మూలం అవుతుంది. అయితే ఏమైంది, పోయినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. పై నుంచి ఎవరైనా అడిగితే నేను చూసుకుంటాను. ఇన్నేళ్ళలో ఒక్క అంకె కూడా ఎవరి కోసమూ దిద్దలేదు. దీనికి అవసరమైతే అదీ చేస్తాను.

ఇప్పుడు నాది. పోలీసులకి చెప్తానన్నావు కదా, ఇద్దరం కలిసి వెళ్దాం. జులై ఇరవై రెండున వాణ్ణి చేర్పించి ఉంటే ఐదేళ్ళు జులై ఇరవై ఒకటితో అయ్యేవి. పోయిన తొమ్మిదీ పూడ్చినా ముప్పయ్యో తారీఖుకి బయటికి వచ్చేసేవాడు. లారీ తిరగబడే నాటికి నీ ఇంట్లో సున్నం వాసన వస్తోందని సణుగుతూ ఉండేవాడు. ఒకటో తారీఖు అయితే లెక్క శుభ్రంగా ఉంటుందన్నది నేను. ఎవరి లెక్క? ఎవరో గుమాస్తాకి ఒక తీసివేత తగ్గుతుందని వాణ్ణి పది రోజులు ఆపాను. ఆ గుమాస్తాని నేనే అయ్యాను. నీ ముందుకి రాకపోవడానికి కారణం అది. నువ్వు గుండీలు పేర్చిన మొదటి ఉత్తరంలోనే ఆ పది రోజుల మాట రాశావు. తెలిసే రాశావేమోనని పదిసార్లు చదివాను.

కాగితం త్వరగా పంపు. ఏడాది ముగిసేలోపు అయితే సుళువు.

నీ తమ్ముడు


డిసెంబరు 5

తమ్ముడూ,

తెలిసి రాయలేదురా. నాకు అంత తెలివెక్కడిది. ఆ రోజు నోటికొచ్చింది రాశాను.

నీ ఉత్తరం చదివి, వాడు నా కోసం అబద్ధం రాశాడని చాలాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని, ఆ కాగితం నీకు పంపుదామని సొరుగు లాగాను. నూలు ఉండలు, బాబిన్లు, సుద్దముక్కలు, అన్నీ తీసి కింద పెట్టాను. అడుగు పేపరు ఎత్తాను.

కాగితం ఉంది. కానీ నేను దాన్ని నలిపి ఉండ చేసి తోశానని రాశాను కదా. ఉండలా లేదు. సాఫు చేసి ఉంది. నాలుగు మడతలు పెట్టి ఉంది. మూల మీద మూల, వెంట్రుకవాసి తేడా లేకుండా. అలా మడతలు పెట్టడం ఎవరికి అలవాటో నీకు వేరే చెప్పాలా? పటాలంలో చేరాక వాడు చేతిగుడ్డ కూడా అలాగే మడిచేవాడు. "నువ్వు దర్జీవా, నేను దర్జీనా?" అని నేను వెక్కిరించేదాన్ని.

ఒక మూల నూనె మరక ఉంది. బొటనవేలిది. గీతలతో సహా కనిపిస్తోంది. మిషను నూనె.

ఆ సాయంత్రమే చూశాడురా. సొరుగు కదలడం లేదని దానికీ నూనె పోశాడు. తీశాడు, చదివాడు, మడిచాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు. లేచి చేతులు కడుక్కుని, "అమ్మా, రాత్రికి ఏం వండను?" అన్నాడు. నేను మంచం మీద వేలు పట్టుకుని మూలుగుతున్నాను, దొంగ మూలుగు.

తొమ్మిది రోజులు నేను వాణ్ణి మోసం చేస్తున్నాననుకున్నాను. వాడు ఆ మోసం చెడకుండా కాపు కాశాడు. కట్టు తీసెయ్యమ్మా, గాలి తగలాలి అన్నప్పుడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకు అప్పుడు మామూలుగానే కనిపించింది.

అందుకని నేను కాగితం రాసివ్వను. వాడికి తెలియదని రాస్తే అది అబద్ధం. వాడు రాసిన మూడు వాక్యాల్లో ఒక్కటే అబద్ధం, ఎవరూ ఆపలేదన్నది. ఆ ఒక్కటీ కూడా ఆలోచిస్తే అబద్ధం కాదేమో. నా చేతిలో ఆపే శక్తి ఏముంది, చిరిగిందన్న కాగితం వాడి చేతిలోనే ఉంది. లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

ఫైలు ముట్టుకోకు. ఒక్క అంకె కూడా దిద్దకు. "అసంపూర్ణం" అనే ఉండనీ. ఆ తొమ్మిదీ సర్వీసులో కలపొద్దు. అవి సైన్యానివి కావు. మీరు వాటిని పోయిన దినాలంటారు, మీ ఆఫీసు భాష మీది, దాంతో నాకు పని లేదు. నాకు దక్కినవి అవే.

నా తప్పు పోయిందని నేను అనుకోవడం లేదు. నేను దాచకపోతే వాడు పదకొండున వెళ్ళిపోయేవాడు, ఆగస్టు ఒకటిన గుమ్మంలో ఉండేవాడు. అది రోజుకి ఎన్నిసార్లు అనుకుంటానో లెక్క లేదు, మీ పద్ధతిలో వేసినా తెగదు. అనుకుంటూనే ఉంటాను, కుడుతూనే ఉంటాను. నీ పది రోజుల సంగతి మాత్రం వేరు. ఆ పది రోజులూ వాడు ఎక్కడున్నాడనుకున్నావు? ఇక్కడే. పొద్దెక్కేదాకా పడుకున్నాడు, నా కత్తెర పోగొట్టాడు, మళ్ళీ వాడే వెతికిచ్చాడు. "మామయ్య లెక్క పుణ్యమా అని హాయిగా ఉందమ్మా" అన్నాడు. నువ్వు ఆపావు కాబట్టే ఉన్నాడు. వాటి కోసం నువ్వు నడిచే దారిలో ఎవర్నీ తిట్టుకోకు. వాణ్ణీ, నిన్నూ.

ఆ నూనె మరక మీద నా బొటనవేలు పెట్టి చూశాను. వాడిదే వెడల్పు. కాగితం మళ్ళీ అవే మడతల మీద మడిచి సొరుగులో పెట్టేశాను. ఈసారి పైనే పెట్టాను.

మిషను మళ్ళీ కీచుమంటోంది. నాకు వంగి పొయ్యడం చేతకావడం లేదు. మోకాలు ఒప్పుకుంటే ఓసారి వచ్చి ఆ నూనె పోసి వెళ్ళు. మరదల్ని కూడా తీసుకురా, సున్నం వేయించిన గది అలాగే ఉంది. ఏ రోజున వస్తావో మాత్రం ముందుగా రాయకు. రాస్తే నేను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను.

అక్క